నల్లగొండ, పాలమూరు నుంచి ప్రాచీన చరిత్ర చదవడం ఎట్లా?

నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒకేచోట 1,531 రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఎక్కువ భాగం ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల పేరిట ముద్రించినవి. వీపనగండ్లలో ఇంకా తర్వాతి కాలపు రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను (పశువుల పేడ కాల్చగా పేరుకున్న దిబ్బ) 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వినప్పుడు, నాలుగు వేల ఏళ్ల కిందటి పశువుల గిట్టల ముద్రలు ఆ బూడిద పొరల్లో అట్లాగే కనిపించాయి. ఇవన్నీ మన జిల్లాల సంగతులే. అయినా డిగ్రీలో హిస్టరీ తీసుకున్న పిల్లల్లో వీటిలో ఒక్కటైనా విన్నవాళ్లు నాకు చాలా తక్కువగా తగిలారు.

నాది దేవరకొండ దగ్గర ఊరు. నల్లగొండలో బీఏ, ఉస్మానియాలో ఎంఏ చేసి, ఇప్పుడు పాలమూరు వైపు ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. ప్రాచీన చరిత్రను యూనివర్సిటీ దాకా తీసుకెళ్లాలనుకునే మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పదలుచుకున్నది ఒక్కటే. పుస్తకంలో ఉన్న ప్రతి మాట వెనకా ఒక రాయో, నాణెమో, కుండ పెంకో, పాత గ్రంథమో ఉంటుంది. దాని దాకా వెళ్లి మన కళ్లతో చూసి, అది ఎంతవరకు చెబుతోందో, ఎక్కడ ఆగిపోతోందో తేల్చుకోవడమే ఈ చదువు. నోట్స్ బట్టీ కొడితే పరీక్ష గట్టెక్కుతుంది, సబ్జెక్టు రాదు.

సీటు సంగతి

ఇంటర్ తర్వాత డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన దోస్త్‌లో బీఏ పెట్టుకునేటప్పుడు హిస్టరీ ఉన్న గ్రూపు ఏదైనా ఫర్వాలేదు. డిగ్రీలో ప్రాచీన చరిత్ర మామూలుగా విడిగా ఉండదు, సిలబస్ మొదట్లో వచ్చి త్వరగా వెళ్లిపోతుంది. హిస్టరీకి తోడు జాగ్రఫీ దొరికితే మాత్రం వదలకండి. మ్యాపు చదవడం, నేల రకాలు, వాగులు దారి మార్చుకునే తీరు తెలిసినవాళ్లకు పురావస్తు శాస్త్రం తొందరగా పట్టుబడుతుంది.

పీజీకి ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం అని ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. దానికి రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ హిస్టరీకి సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. తవ్వకాల మీద మనసుంటే పుణెలో దక్కన్ కాలేజీ, బరోడాలో ఎంఎస్ యూనివర్సిటీ పేరున్నవి. ఎంఏ అయ్యాక, భారత పురావస్తు సర్వే వాళ్లు గ్రేటర్ నోయిడాలో నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. సీట్లు కొద్దివే, స్టైపెండ్ ఇస్తారు, దేశమంతా పోటీకి వస్తుంది. అర్హతలు, తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్నే నమ్మండి. సీటు గురించి ఇంతకు మించి టెన్షన్ అక్కర్లేదు.

భాష

ఇంటర్‌లో మార్కులొస్తాయని చాలామంది సంస్కృతం తీసుకుంటారు. పరీక్ష కాగానే ఆ పుస్తకం అటకెక్కుతుంది. ఈ దారిలోకి వచ్చేవాళ్లు ఆ పుస్తకాన్ని మళ్లీ కిందికి దించాలి. రామన్నపేట మండలం తుమ్మలగూడెంలో దొరికిన విష్ణుకుండిన రాజుల రాగిరేకులు సంస్కృతంలో ఉన్నాయి. అందులో విక్రమేంద్రవర్మ శాసనం మీద శక సంవత్సరం 488 అని ఉంది, అంటే క్రీ.శ. 566. విష్ణుకుండినుల కాలక్రమం మొత్తాన్ని సరిచేసుకోవడానికి పండితులు ఆ ఒక్క తేదీని పట్టుకున్నారు. శబ్ద రూపాలు గుర్తున్న పిల్ల ఆ రేకుల పాఠం ముందు కూర్చుంటే మెల్లగా అయినా చదవగలుగుతుంది. అనువాదం మీదే ఆధారపడ్డ పిల్ల, అనువాదకుడు ఎక్కడ సందేహపడ్డాడో కూడా పోల్చుకోలేదు.

మన ప్రాంతానికి ఏ కాలంలో ఏ భాష అవసరమో ముందే తెలుసుకోండి. శాతవాహన, ఇక్ష్వాకుల కాలానికి ప్రాకృతం కావాలి. విష్ణుకుండినులకు ఎక్కువగా సంస్కృతం, కల్యాణి చాళుక్యుల రోజులకు కన్నడం. వాళ్ల కింద ఇక్కడ ఏలిన కందూరు చోడుల దగ్గర కన్నడం, తెలుగు రెండూ కనిపిస్తాయి. కాకతీయుల దగ్గరికి వచ్చేసరికి తెలుగు, సంస్కృతం. అన్నీ రావాలని ఎవరూ అడగరు, ఒకటి గట్టిగా వస్తే చాలు. ఆ రోజుల్లో తెలుగు, కన్నడ లిపులు దాదాపు ఒకటే కాబట్టి, పదకొండు, పన్నెండో శతాబ్దాల శాసనం తెలుగు చదివేవాళ్లకు కొద్ది రోజుల సాధనతో కూడబలుక్కునే స్థాయికి వస్తుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు పీజీలో ఇంగ్లిష్ పుస్తకాలు చూసి బెదిరిపోతారు. నా దగ్గరికి వచ్చే పిల్లలతో నేను ఒక చిన్న నోట్‌బుక్ పెట్టిస్తాను. ఎడమ పేజీలో ఇంగ్లిష్ మాట, కుడి పేజీలో దాన్ని సొంత తెలుగులో ఒక వాక్యం. స్ట్రాటిగ్రఫీ అని కనపడితే ‘తవ్విన గోతి గోడలో కనిపించే మట్టి పొరల వరస, కింది పొర పాతది’ అని రాసుకోవాలి. డిక్షనరీ అర్థం రాసుకుంటే లాభం లేదు. పొరల వరస అర్థం కావాలంటే బావి తవ్వుతున్న చోటో, ఇంటి పునాది తీస్తున్న చోటో పది నిమిషాలు నిలబడి చూసి రావాలి.

బ్రాహ్మీ లిపి

రోజూ అరగంట కూర్చుంటే నెలలో అక్షరాలు వస్తాయి. అశోకుని నాటి రూపాలతో మొదలుపెట్టండి, అవి చాలా తేలిక. క అంటే కూడిక గుర్తు. ఠ అంటే గుండ్రటి సున్నా, ఆ సున్నాలో చుక్క పెడితే థ. ర ఒక నిలువు గీత. న అంటే అడ్డగీత మీద నిలబెట్టిన నిలువుగీత. ఈ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఛేదించాడు. ఇప్పుడు మనకు పట్టిక చేతిలో ఉంది, సాధన ఒక్కటే కావాలి. ఇంట్లోవాళ్ల పేర్లు, ఊరి పేర్లు, బస్సు బోర్డుల మీది పేర్లు బ్రాహ్మీలో రాస్తూ పోండి. ప్రాకృత శాసనాల్లో ఒత్తులు చాలావరకు రాయరు. సిద్ధం అనే మాట ‘సిధం’ అని ఉంటుంది. ఇది తెలియక కొత్తవాళ్లు తాము తప్పు చదువుతున్నామనుకుంటారు.

తర్వాత నాగార్జునకొండకు రండి. ఇక్ష్వాకుల కాలానికి అక్షరాలకు అలంకారం వచ్చేసింది, క, ర లాంటి వాటి తోకలు కిందికి సాగి వంపు తిరుగుతాయి. అక్కడి మహాచైత్యం (పెద్ద స్తూపం) ఆయక స్తంభాల, అంటే స్తూపానికి నాలుగు దిక్కులా నిలిపిన స్తంభాల శాసనాలను వోగెల్ అనే డచ్ పండితుడు శాసనాలు అచ్చయ్యే పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటంలో ప్రచురించాడు. ఆ సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆ శాసనాల్లో కనిపించే ఈ లైను తీసుకోండి:

రఞో సిరి వీరపురిసదతస సంవ 6 వాప 6 ది 10

రాజు శ్రీ వీరపురుషదత్తుని ఆరో ఏడు, వానకాలం ఆరో పక్షం, పదో రోజు అని అర్థం. ఇక్కడ నెల పేరు లేదని ముందు గమనించండి. ఏడాదిని ఎండ, వాన, చలి అని మూడు కాలాలుగా, ఒక్కో కాలాన్ని ఎనిమిది పక్షాలుగా లెక్కపెట్టారు. 10 అనే అంకెకు విడిగా ఒక గుర్తు ఉంది, ఒకటి పక్కన సున్నా పెట్టే పద్ధతి అక్కడ లేదు. ఇది క్రీ.శ. ఎన్నో సంవత్సరమని అడిగితే శాసనం జవాబు చెప్పదు, రాజు గద్దెనెక్కిన ఏడు నుంచి లెక్క చెబుతుందంతే. మరి పుస్తకంలో ‘మూడో శతాబ్దం’ అని ఎట్లా రాశారు? లిపి రూపాన్ని బట్టి, ముందూ వెనకా రాజుల వరసను బట్టి, పక్క రాజ్యాలతో కుదిరిన పెళ్లిళ్లను బట్టి. ఈ ప్రశ్న తట్టిన రోజు నుంచి మీరు చరిత్ర విద్యార్థి.

అవే శాసనాల్లో చాంతిసిరి కనిపిస్తుంది. వీరపురుషదత్తుని తండ్రి చాంతమూలుడి తోబుట్టువు, అంటే వీరపురుషదత్తునికి మేనత్త, మహాచైత్యానికి పెద్ద దాత. వీరపురుషదత్తుడు తన మేనత్తల కూతుళ్లను చేసుకున్నాడు. మేనరికం ఏమిటో మన పిల్లలకు ఎవరూ వివరించనక్కర్లేదు, ఇంట్లోనే ఉంది. చాంతమూలుడేమో అశ్వమేధం చేసిన రాజు. ఆ ఇంటి ఆడవాళ్లు మాత్రం బౌద్ధ స్తూపాలకూ విహారాలకూ దానాలిచ్చారు. ఈ రెండూ ఒకే కుటుంబంలో ఎట్లా కుదిరాయి అన్నదాని మీద ఒక సెమినార్ పేపరు రాయొచ్చు, దానికి కావలసిన మూలాలన్నీ ఆ సంపుటంలోనే ఉన్నాయి.

ఒక నాణెం ముందు కూర్చోవడం

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి పిల్లలు ఈజిప్టు మమ్మీ కోసం వెళ్తారు. మమ్మీని చూడండి, తర్వాత నాణేల దగ్గర నిలబడండి. మన దేశంలో ఎక్కువగా దొరికే టైబీరియస్ వెండి దినారం మీద ఒకవైపు చక్రవర్తి తల, చుట్టూ లాటిన్ అక్షరాలు ఉంటాయి. టి సీజర్ డివి ఆగ్ ఎఫ్ ఆగస్టస్. దైవత్వం పొందిన ఆగస్టస్ కొడుకు టైబీరియస్ సీజర్ ఆగస్టస్ అని విప్పుకోవాలి. రెండోవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, ‘పొంటిఫ్ మాక్సిమ్’ అనే రాత, అంటే ప్రధాన పూజారి అనే బిరుదు. చోటు తక్కువ కాబట్టి మాటలు కుదించారు. మన ‘సంవ’, ‘వాప’, ‘ది’ కూడా అట్లా కుదించినవే.

ఇప్పుడు దీని పక్కన ఒక శాతవాహన నాణెం పెట్టుకోండి. ‘గోతమిపుత’ అని తల్లి పేరుతో రాజు తనను చెప్పుకుంటాడు. రోమన్ చక్రవర్తి తండ్రి పేరు, అదీ దేవుడైన తండ్రి పేరు చెప్పుకున్నాడు. ఇద్దరూ పుట్టుకనే అధికారానికి ఆధారంగా చూపారు, చూపిన వైపు వేరు. రోము చదివితే మన చరిత్ర, మన చరిత్ర చదివితే రోము ఇట్లా తేటపడతాయి.

ఆ నాణేలు ఇక్కడికి ఎందుకొచ్చాయన్నది తర్వాతి ప్రశ్న. ఏ ఏడాది చూసినా భారతదేశం తమ సామ్రాజ్యం నుంచి ఐదు కోట్ల సెస్టెర్సులకు (సెస్టెర్సు అప్పటి రోమన్ నాణెం) తక్కువ కాకుండా లాక్కుంటోందని ప్లినీ అనే రోమన్ రచయిత బాధపడ్డాడు. ఆంధ్రులకు గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రాసింది కూడా ఆయనే. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ఎవరో గ్రీకు వర్తకుడు రాసిన పెరిప్లస్‌లో, భరూచ్ నుంచి పైఠాన్ 20 రోజుల ప్రయాణమనీ, అక్కడి నుంచి తూర్పుగా తగరకు ఇంకో పది రోజులనీ ఉంది. తగర అంటే నేటి మహారాష్ట్రలోని తేర్. సముద్రతీర ప్రాంతాల సరుకు తగరకు చేరేదనీ చెబుతుంది. కృష్ణా ముఖద్వారం వైపు మసలియా అనే చోట సన్నబట్టలు తయారయ్యేవని కూడా అందులోనే రాసి ఉంది. ఒక మ్యాపు తీసి మచిలీపట్నం నుంచి తేర్‌కు గీత గీయండి. నల్లగొండ ఆ గీతకు ఎంత దగ్గరో చూడండి.

అంతలోనే ‘ఇదే ఆ వాణిజ్య మార్గం’ అని రాసెయ్యకండి. గీత మీరు గీసింది, దారి ఉందని చెప్పడానికి వేరే ఆధారాలు కావాలి. ఈ దేశంలో దొరికిన చాలా రోమన్ నాణేల మీద గాట్లు ఎందుకున్నాయి? డబ్బుగా వాడారా, వెండిగా తూచారా? క్రీ.శ. 64లో నీరో దినారంలో వెండి తగ్గించాడు, ఆ తర్వాతి దినారాలు మన దగ్గర అరుదు కావడానికి అదే కారణమని చాలామంది అంటారు. ఫణిగిరిలో 2024లో ఒక కుండ నిండా 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు నాలుగు కొసల్లో నాలుగు సున్నాలు). సీసంతో ఎవరు ఏం కొన్నారు, వెండిని ఎవరు దాచుకున్నారు? ఈ ప్రశ్నలు పెట్టుకుని మ్యూజియంలో గంట గడిపితే ఒక యూనిట్ సిలబస్ పూర్తయినట్టే.

ఊరిలో శాసనం చదవడం

మీ ఇంటికి దగ్గర్లో ఒక చోటు ఎంచుకుని, మూడేళ్లూ దాన్నే పదేపదే చూడండి. నల్లగొండవాళ్లకు పానగల్లు ఊరికి ఆనుకునే ఉంది. ఛాయా సోమేశ్వర ఆలయం, పచ్చల సోమేశ్వర ఆలయం, పక్కన మ్యూజియం, కందూరు చోడ రాజు ఉదయ చోడుని పేరున్న ఉదయసముద్రం చెరువు, అన్నీ ఒక పూటలో నడిచి చూడొచ్చు. సూర్యాపేటవాళ్లకు పిల్లలమర్రి, ఫణిగిరి ఉన్నాయి. గద్వాలవాళ్లకు అలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు. నారాయణపేట వైపు ముడుమాల్ నిలువురాళ్లు. జనం నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కే ఆ చోటు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

ఛాయా సోమేశ్వరానికి అందరూ లింగం మీద రోజంతా నిలిచే నీడను చూడ్డానికి పోతారు. మీరు నేల ప్లాను గీయడానికి వెళ్లండి. మూడు గర్భగుళ్లు, మధ్యలో ఉమ్మడి మండపం, దీన్ని త్రికూటం అంటారు. టేపుతో కొలిచి, గ్రాఫ్ పేపరు మీద వేసి, ఏ స్తంభం ఎక్కడుందో గుర్తు పెట్టండి. ఆ ప్లాను వేశాక నీడ గురించి మాట్లాడటానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

శాసనం చూడ్డానికి పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ మంచిది, లేదా సాయంత్రం. నడి మధ్యాహ్నం అరిగిన అక్షరం కనపడదు. తప్పనిసరైతే గొడుగుతో రాయికి నీడపట్టి, చిన్న అద్దంతో పక్క నుంచి వెలుతురు కొట్టించండి, లోతు తక్కువ గీతలు కూడా పైకి తేలతాయి. సెల్‌ఫోన్ టార్చి కూడా పక్కనుంచే పట్టాలి, ఎదురుగా పడితే అంతా చదునైపోతుంది. ఫొటోలో స్కేలు పెట్టండి. మొత్తం రాయి ఒకటి, తర్వాత లైను లైనుకూ ఒకటి తీయండి. సుద్దముక్క రుద్దడం, పిండి చల్లడం, రంగు నింపడం, నూనె పోయడం వద్దు. ఎవరో రంగు వేసిన శాసనంలో మీకు కనిపించేది వాళ్లు చదివిన అక్షరం, రాయి మీది అక్షరం కాదు. శాసనానికి అచ్చు తీయడం వేరే విద్య. రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో అక్షరాల గుంటల్లోకి కొట్టి, ఆరీ ఆరకముందు సిరా అద్దుతారు, నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు వస్తాయి. అది పురావస్తు శాఖవాళ్ల దగ్గర, అనుమతితో నేర్చుకోవాలి.

మన పల్లెల్లో ఇంకో జాగ్రత్త కావాలి. గుప్తనిధుల కోసం శాసనాల చుట్టూ, వీరగల్లుల (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు) కింద తవ్విపోయినవాళ్లు చాలామంది. అందుకే రాయి ముందు కెమెరాతో కొత్త మనిషి కనపడితే ఊరికి అనుమానం. ముందు స్కూల్లో సారుకో, సర్పంచికో చెప్పి, ఐడీ కార్డు చూపించి వెళ్లండి. ‘ఎవలు బిడ్డా మీరు, ఏం దేవులాడుతున్రు’ అని ఒక ముసలమ్మ అడిగితే నిలబడి వివరంగా చెప్పండి. ఆమెకే తెలుసు ఆ రాయి మొదట ఎక్కడుండేదో, చెరువు కట్ట వేసినప్పుడు ఎవరు జరిపారో. రాయి తన చోటు నుంచి కదిలిందా లేదా అన్నది చరిత్రకు చాలా ముఖ్యమైన విషయం. పుస్తకాల్లో ఆ సంగతి తరచుగా ఉండదు.

మా నాయనమ్మ ఏలేశ్వరం జాతర గురించి చెప్పేది. కృష్ణకు మన వైపున్న ఏలేశ్వరం, అవతలి గట్టున ఇక్ష్వాకుల విజయపురి, రెండూ నాగార్జునసాగర్ నీళ్లలోకి వెళ్లాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యాముకు శంకుస్థాపన చేశాడు. నీళ్లు రాకముందే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయను తవ్వారు. నీళ్లలో మునిగిన చోటికి మళ్లీ వెళ్లి సరిచూసుకోలేం. అప్పటి తవ్వకం నివేదికలు, మ్యాపులు, కొండ మీదికి చేర్చిన శిల్పాలు, అనుపులో మళ్లీ పేర్చిన మెట్ల రంగస్థలం, ఇవే మిగిలిన ఆధారం. ఆ మెట్లు చూడగానే రోమన్ ప్రభావం అని రాయాలనిపిస్తుంది. రాసే ముందు ఒక రోమన్ రంగస్థలం ప్లాను పక్కన పెట్టి పోల్చండి. ఏది కలిసింది, ఏది కలవలేదు అని రెండు వరసలు వేశాకే ఒక వాక్యం రాయండి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం ముంపు నుంచి తప్పించి అలంపురంలో మళ్లీ కట్టారు. అట్లాంటి గుడిని చదివేటప్పుడు కూడా ఇదివరకు ఏ దిక్కున, ఏ నదుల కలయిక దగ్గర ఉండేదో మనసులో పెట్టుకోవాలి.

తేదీలు సరిచూసుకోవడం

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీ.శ. వస్తుందని అందరికీ తెలుసు. దాన్ని తెలుగు సంవత్సరం పేరుతో సరిచూసే అలవాటు తక్కువ. ఒక శాసనంలో శక 1130, విభవ అని ఉందనుకోండి. 1130కి 78 కలిపితే 1208. ఇప్పుడు ప్రభవ 1987-88లో వచ్చింది, 60 చొప్పున వెనక్కి పోతే 1207-08లో ప్రభవ, 1208-09లో విభవ. రెండూ కలిశాయి. కలవకపోతే ఎవరో అంకె తప్పు చదివారు, లేదా చెక్కినవాళ్లే పొరపడ్డారు, లేదా శాసనం తర్వాతి కాలంలో తయారైంది. ఉగాది పేర్లు వరసగా చెప్పగల తాతలు ఇంట్లో ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని అరవై పేర్లూ నేర్చుకోండి.

పరీక్షలో జవాబు రాసేటప్పుడూ ఇదే క్రమం పాటించండి. విష్ణుకుండినుల గురించి అడిగితే ‘వీరు గొప్ప పాలకులు’ అని మొదలుపెట్టకండి. తుమ్మలగూడెం రాగిరేకులు, శక 488, సంస్కృతం అని ఆధారంతో మొదలుపెట్టి, దాన్నుంచి తెలిసేదేమిటో, దానితో తేలనిదేమిటో రాయండి. దిద్దేవాళ్లకు ఆ తేడా మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. మండలంలో ఉన్న శాసనాల పాఠాల కోసం జిల్లాలవారీగా వచ్చిన శాసన సంపుటాలు చూడండి, బి.ఎన్. శాస్త్రి నల్లగొండ, మహబూబ్‌నగర్ శాసనాల మీద చేసిన పని చూడండి. దొరకని పుస్తకానికి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది.

గ్రీసు, రోమే చదవాలనిపిస్తే

అదీ మంచి కోరికే. మన దగ్గర లాటిన్, గ్రీకు నేర్పే చోట్లు బాగా తక్కువ. బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీలు ఆ భాషలు రానివాళ్లను కూడా తీసుకుని అ ఆల నుంచి నేర్పుతాయి. అందాకా పర్సియస్ డిజిటల్ లైబ్రరీలో మూలం, ఇంగ్లిష్ అనువాదం పక్కపక్కనే ఉచితంగా ఉంటాయి. ప్లినీలో ఇండియా గురించిన అధ్యాయాలు అక్కడే మొదలుపెట్టండి, తెలిసిన చోటు గురించి చదువుతుంటే తెలియని భాష త్వరగా వస్తుంది. సంస్కృత విభక్తులు వచ్చినవాళ్లకు లాటిన్ విభక్తులు కొత్తగా అనిపించవు. విదేశీ చదువుల స్కాలర్‌షిప్పులకు పెట్టే ముందు ఏ అంశాలకు వర్తిస్తాయో లైను లైను చదవండి. కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పు నిబంధనల్లో 2022లో భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర అంశాలను పక్కన పెట్టారు. మీరు పెట్టే ఏడాది ఎట్లా ఉందో చూసుకుని అంశం ఎంచుకోండి.

ఇంట్లో ఉద్యోగం గురించి అడుగుతారు, అడగడం న్యాయమే. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్‌లో హిస్టరీ, ఆర్కియాలజీ రెండూ విడివిడి సబ్జెక్టులు, రెండింటికీ సిద్ధం కావచ్చు. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులు, మ్యూజియాలు, పురావస్తు శాఖలు ఉన్నాయి కానీ ఖాళీలు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యమవుతాయి. గ్రూప్స్ రాసేవాళ్లకు ఈ చదువు నేరుగా ఉపయోగం. నేనైతే ఎంఏలో చేరే పిల్లలకు బీఈడీ కూడా ఆలోచించమంటాను. తిండికి ఆధారం ఉంటేనే రాళ్ల వెంట నిశ్చింతగా తిరగగలుగుతాం.

చదువుతూ తిరుగుతున్నప్పుడు ఎప్పుడో ఒకసారి, ఎవరూ నమోదు చేయని శాసనమో, చెలకలో దున్నుతుంటే బయటపడ్డ నాణేలో మీ దాకా వస్తాయి. వాటిని ఇంటికి తెచ్చుకోవద్దు, కడగొద్దు, కొనొద్దు. ఉన్నచోటే ఫొటోలు తీయండి. ఊరు, సర్వే నంబరు, ఫోన్లో జీపీఎస్ రీడింగు, ఎంత లోతులో, ఏ మట్టిలో దొరికిందో రాసుకోండి. దొరికిన మనిషి పేరు ఆ రైతుకు ఇష్టమైతేనే రాయండి. భూమిలో దొరికిన నిధి సంగతి కలెక్టర్‌కు తెలియాలి కాబట్టి, ఆ రైతును వెంటబెట్టుకుని తహసీల్దార్ ఆఫీసులో కాగితం ఇచ్చి, రసీదు తీసుకుని, దాని నకలు పురావస్తు శాఖకూ మీ డిపార్ట్‌మెంటుకూ పంపండి.